నలభై దాటాక మొదలైన దురద: గజ్జి కాదు, రక్తదోషం కాదు... మరి ఏంటి?

ఈరోజు ఎపిసోడ్‌లో రాజులు లేరు, యుద్ధాలు లేవు. ఒక దురద ఉంది, ఒక కలుపు మొక్క ఉంది, గోధుమల ఓడలు ఉన్నాయి. హిస్టరీ అని చెప్పి దురద గురించి మాట్లాడతాడేంటి అనుకుంటున్నారా? కొంచెం ఓపిక పట్టండి. ఈ దురద వెనక రెండు వందల ఏళ్ళ కథ ఉంది. అందులో మన ఊళ్ళు కూడా ఉన్నాయి.

మా పెద్దనాన్నతో మొదలుపెడతాను. మాది అనంతపురం వైపు పల్లె. ఆయన రైతు. చిన్నప్పటి నుంచి ఎండలో, దుమ్ములో, పురుగుమందుల మధ్య తిరిగిన మనిషి. ఒంటి మీద చిన్న పొక్కు కూడా ఎరగరు. అలాంటిది నలభై ఆరో ఏట, ఒక వానాకాలంలో కనురెప్పలు ఉబ్బాయి. తర్వాత మెడ చుట్టూ ఎర్రగా కందిపోయింది. ఆ తర్వాత మోచేతి మడతల్లో, మోకాళ్ళ వెనకాల నీరు కారే పొక్కులు. రాత్రిళ్ళు దురదకి నిద్ర ఉండేది కాదు. చలికాలంలో కాస్త తగ్గింది, హమ్మయ్య అనుకున్నాం. మళ్ళీ ఎండలు, తొలకరి రాగానే షురూ.

ఊళ్ళో మొదట గజ్జి అన్నారు. తర్వాత తామర అన్నారు. ఒక పెద్దాయన "రక్తం చెడింది" అని తేల్చేసి వంకాయ, గోంగూర, చేపలు మాన్పించాడు. మెడికల్ షాపులో ఒక ట్యూబు ఇచ్చారు. పూస్తే నాలుగు రోజుల్లో తగ్గేది, ఆపితే రెట్టింపయ్యేది. అయితే నాకు ఇప్పటికీ గుర్తున్నది అవేవీ కాదు. ఇంట్లో ఆయన తన గ్లాసు, కంచం, తువ్వాలు వేరుగా పెట్టుకున్నారు. పెట్టుకోమని ఎవరూ చెప్పలేదు. మా అక్క కూతురు "తాతా" అని పరిగెత్తుకొస్తే, "వద్దు తల్లీ, అక్కడే ఉండు" అనేవారు.

అప్పుడు మా ఇంట్లో తిరిగిన ప్రశ్నలు మూడే మూడు. ఇది అంటుకుంటుందా? రక్తం చెడిందా? నలభై ఆరేళ్ళు లేనిది ఇప్పుడెందుకొచ్చింది? ఈ మూడు ప్రశ్నలకీ చరిత్రలో జవాబులున్నాయి. ఒక్కొక్కటే చూద్దాం.

మొదటి ప్రశ్న: అంటుకుంటుందా?

ముందు పేరు సంగతి. ఎగ్జిమా అనేది గ్రీకు మాట. దాని మూలానికి మరిగి పైకి పొంగడం అని అర్థం. పాలు పొంగుతాయే, అలాగ. 6వ శతాబ్దంలో అమిడా అనే ఊరి వైద్యుడు ఏటియస్ రచనల్లో ఈ మాట కనిపిస్తుంది. ఆ ఊరు ఇప్పుడు టర్కీలో ఉంది. పేరు పాతదే కానీ, ఏ జబ్బుని ఆ పేరుతో పిలవాలి అనే దాని మీద వందల ఏళ్ళు ఎవరి ఇష్టం వాళ్ళదే.

18వ శతాబ్దం చివర్లో లండన్‌లో రాబర్ట్ విలన్ అనే డాక్టరు ఒక పని మొదలుపెట్టాడు. పేరు విలన్ అయినా మన కథలో మంచివాడే! ఆయన ఏం చేశాడంటే, జబ్బుకి కారణం ఊహించడం పక్కన పెట్టి, చర్మం మీద కంటికి కనిపించేదాన్ని బట్టి వర్గాలు చేశాడు. ఇది పొలుసు, ఇది గట్టి పొక్కు, ఇది నీటి పొక్కు, ఇది చీము పొక్కు. 1812లో ఆయన చనిపోయాడు. ఆ పనిని శిష్యుడు థామస్ బేట్‌మన్ పూర్తిచేసి 1813లో ఒక పుస్తకం తెచ్చాడు. అందులో ఎగ్జిమాని నీటి పొక్కుల వర్గంలో పెట్టి, రెండు ముఖ్యమైన మాటలు రాశాడు. ఒకటి, ఏదో ఒక చికాకు కలిగించే పదార్థం వల్లే ఇది ఎక్కువగా వస్తుంది. రెండోది, ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు.

సంవత్సరం మళ్ళీ చూడండి. 1813. అంటుకోదు అని అప్పుడే రాసిపెట్టారు. మా పెద్దనాన్న గ్లాసు వేరు పెట్టుకున్నది రెండు వందల ఏళ్ళ తర్వాత.

మరి మనవాళ్ళకి ఆ భయం ఎందుకు పోలేదు? అందులో మన మాటల పాత్ర కూడా ఉంది. తెలుగులో తామర అంటే ఒక అర్థం ఫంగస్ వల్ల వచ్చే, గుండ్రంగా పాకే జబ్బు. అది అంటుకుంటుంది. ఎగ్జిమాని కూడా తామర అనే అంటారు. అది అంటుకోదు. ఇక గజ్జి అంటే కంటికి సరిగ్గా కనిపించని చిన్న పురుగు చర్మంలో బొరియ చేసుకోవడం. అది కచ్చితంగా అంటుకుంటుంది. మూడూ దురదే, మూడింటికీ గోకుడే. కానీ మూడూ వేరు వేరు. మనం మూడింటినీ ఒకే సంచిలో వేసి, ఆ సంచికి "అంటురోగం" అని చీటీ అంటించేశాం.

రెండో ప్రశ్న: రక్తం చెడిందా?

ఈ అనుమానం మన ఊళ్ళకి మాత్రమే సొంతం కాదు. యూరప్‌లో పెద్ద పెద్ద డాక్టర్లు కూడా చాలాకాలం ఇదే అన్నారు. ఒంట్లో దోషాలు పెరిగి చర్మం దారిన బయటకి వస్తున్నాయి అనేది వాళ్ళ లెక్క. గజ్జిని కూడా అలాగే వివరించినవాళ్ళున్నారు.

19వ శతాబ్దం మధ్యలో వియన్నాలో ఫెర్డినాండ్ ఫాన్ హెబ్రా అనే చర్మవైద్యుడు దీనికి ఎదురు తిరిగాడు. గజ్జికి కారణం పురుగే తప్ప ఒంట్లోని చెడు కాదు అని గట్టిగా చెప్పాడు. తర్వాత ఎగ్జిమా వైపు తిరిగాడు. ఆరోగ్యంగా ఉన్న చర్మం మీద క్రోటన్ నూనె రాసి, ఎగ్జిమా లాంటి పొక్కుల్ని కావాలని పుట్టించి చూపించాడు. క్రోటన్ అంటే ఏదో విదేశీ వస్తువు అనుకునేరు. అది మన నేపాళం గింజల నూనె! విరేచనాలకి వాడేవాళ్ళే, అదే. అంటే లోపల ఏ దోషమూ లేని మనిషికి కూడా బయటి నుంచి ఒక వస్తువు తగిలితే ఎగ్జిమా రావచ్చు అన్నమాట.

కానీ ఒక చిక్కు మిగిలిపోయింది. నేపాళం నూనె రాస్తే దాదాపు ఎవరికైనా పొక్కులొస్తాయి. మరి ఒకే మందు వందమందికి రాస్తే, తొంభై తొమ్మిది మందికి ఏమీ కాకుండా ఒక్కడికే ఎందుకు పొంగుతుంది?

దీనికి దారి చూపించింది యోసెఫ్ యాడస్సోన్. 1895లో ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో జరిగిన వైద్యుల సభలో ఆయన ఒక విషయం చెప్పాడు. ఆ రోజుల్లో పాదరసం కలిపిన మందులు బాగా వాడేవారు. అవి పూసినప్పుడు కొందరికి ఎగ్జిమా వచ్చేది. యాడస్సోన్ అలాంటి రోగుల చర్మం మీద, బాగున్న చోట, అదే మందుని కొంచెం అంటించి ఆగి చూశాడు. సరిగ్గా అక్కడే మళ్ళీ ఎగ్జిమా వచ్చింది. దీన్నే ఇప్పుడు ప్యాచ్ టెస్ట్ అంటున్నాం. నూట ముప్పై ఏళ్ళు దాటినా, కాంటాక్ట్ ఎగ్జిమాకి కారణం పట్టుకోవడానికి చర్మవైద్యులు నమ్ముకునేది ఇప్పటికీ ఆ పరీక్షనే.

ఇక రక్తదోషం సంగతి. 1942లో న్యూయార్క్‌లో కార్ల్ లాండ్‌స్టైనర్, మెరిల్ చేజ్ గినీ పందుల మీద ప్రయోగం చేశారు. లాండ్‌స్టైనర్ అంటే మన ఏ, బీ, ఓ బ్లడ్ గ్రూపులు కనిపెట్టిన ఆయనే. ఒక రసాయనానికి అలర్జీ ఉన్న జంతువు నుంచి తెల్ల కణాలు తీసి ఇంకో జంతువుకి ఎక్కిస్తే, దానికి కూడా ఆ అలర్జీ వచ్చింది. అంటే ఈ గొడవ నడిపేది ఆ కణాలు. రక్తం చెడిపోయి మురికి కావడం అనే మాటే ఇందులో లేదు. రక్త వర్గాల్ని కనిపెట్టిన మనిషే ఈ విషయం తేల్చడంలో ఉన్నాడు చూడండి.

దీన్ని మన భాషలో చెప్పుకుందాం. ఒక అపార్ట్‌మెంట్ ఉంది, గేటు దగ్గర వాచ్‌మన్ ఉన్నాడు. ఒక మనిషి పదేళ్ళ నుంచి రోజూ వచ్చి పోతున్నాడు. ఎవరూ ఆపలేదు. ఒకరోజు ఎందుకో వాచ్‌మన్‌కి అనుమానం వచ్చి, అతని ఫొటో తీసి గేటు దగ్గర అంటించాడు. ఆ రోజు నుంచి అతను ఎప్పుడొచ్చినా విజిల్, కేకలు, కొట్లాట. కొట్లాటలో పగిలేవి మన ఇంటి అద్దాలే. ఎగ్జిమా అంటే ఆ పగిలిన అద్దాలు. ఆ వాచ్‌మన్ పేరు టీ-కణం.

ఒకసారి ఫొటో పడిందా, ఏళ్ళ తరబడి అది చెరగదు. ఇంకో తిరకాసు కూడా ఉంది. వస్తువు తగిలిన వెంటనే దురద రాదు. ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. సోమవారం తగిలినదానికి బుధవారం గోక్కుంటాం. నేరం మాత్రం మంగళవారం తిన్న వంకాయ మీద మోపుతాం!

మూడో ప్రశ్న: ఇప్పుడే ఎందుకు?

ఇక్కడ మన మొక్క వస్తుంది. మీ అందరికీ తెలిసిందే. రోడ్డు పక్కన, ఖాళీ ప్లాట్లలో, స్కూలు గ్రౌండు అంచున, క్యారెట్ ఆకుల్లాంటి ఆకులతో, నక్షత్రాలు చల్లినట్టు చిన్న చిన్న తెల్ల పూలతో నడుము ఎత్తు పెరుగుతుంది. మనవాళ్ళు ముద్దుగా వయ్యారిభామ అన్నారు. కాంగ్రెస్ గడ్డి అని కూడా అంటారు. శాస్త్రీయ నామం పార్థీనియం హిస్టెరోఫోరస్. పుట్టిల్లు మెక్సికో సింధుశాఖ చుట్టుపక్కల ప్రాంతం. ఒక్క మొక్క వేల సంఖ్యలో గింజలు రాలుస్తుంది.

ఈ భామ ఇండియాకి ఎలా వచ్చింది? మీరు విన్న కథ ఇలా ఉంటుంది: అమెరికా మనకి పీఎల్-480 గోధుమలు పంపింది, వాటితో పాటు ఈ విత్తనాలు వచ్చాయి, అందుకే కాంగ్రెస్ గడ్డి అయింది. కథ బాగుంది. కానీ తేదీలు పక్క పక్కన పెట్టి చూద్దాం. పీఎల్-480 అనే చట్టం అమెరికాలో వచ్చింది 1954 జులైలో. ఇండియాతో మొదటి ఒప్పందం కుదిరింది 1956 ఆగస్టులో. పూణేలో చెత్తకుప్పల మీద ఈ మొక్క కనిపించింది 1955లో. అంటే ఒప్పందం మీద సంతకం కాకముందే మొక్క ఇక్కడ ఉంది!

అలాగని గోధుమలకి సంబంధం లేదని కాదు. అంతకుముందు 1951లోనే, కరువు రోజుల్లో, ట్రూమన్ ప్రభుత్వం మనకి 19 కోట్ల డాలర్ల అప్పు ఇచ్చింది. ఆ డబ్బుతో అమెరికా ధాన్యం ఓడల మీద వచ్చింది. ఇంకా వెనక్కి వెళితే, 1814లో అచ్చయిన కలకత్తా బొటానికల్ గార్డెన్ మొక్కల పట్టికలోనే ఈ పేరు ఉందని వృక్షశాస్త్రవేత్తలు చూపిస్తారు. ఆ పట్టిక విలియం రాక్స్‌బర్గ్‌ది. కలకత్తా వెళ్ళకముందు మన సామర్లకోటలో ఏళ్ళ తరబడి మొక్కల మీద పనిచేసిన ఆయనే. కాబట్టి మొక్క ముందే ఒకసారి తొంగి చూసింది. 1950ల తర్వాత మాత్రం దేశం మొత్తం పాకింది. ధాన్యం రవాణా, లారీలు, రైళ్ళు, కాలువలు దాన్ని మోసుకెళ్ళాయి. పీఎల్-480 ఒక్కదాని మీదే నేరం మొత్తం వెయ్యడానికి తేదీలు ఒప్పుకోవు.

సరే, మొక్క వచ్చింది. జబ్బు ఎప్పుడు బయటపడింది? 1960ల చివరికి పూణే చర్మవైద్యులు ఒక విషయం గమనించారు. ఎప్పుడూ చర్మవ్యాధి లేని పెద్దవాళ్ళు, ముఖ్యంగా బయట పనిచేసే మధ్యవయసు మగవాళ్ళు, ఒకేరకమైన ఎగ్జిమాతో వస్తున్నారు. కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు, మోకాలి వెనక. గాలిలో తేలే పొడి ఎక్కడెక్కడ చేరి చెమటతో అతుక్కుంటుందో సరిగ్గా అక్కడే. 1974లో పూణేకి చెందిన లోంకర్, విదేశీ చర్మవైద్యులు మిచెల్, కాల్నన్‌తో కలిసి దీని మీద వివరంగా రాశారు. నేరస్థుడు దొరికాడు. ఆ మొక్కలో ఉండే పార్థెనిన్ అనే రసాయనం. మొక్క మీది సన్నని నూగులో అది ఉంటుంది. మొక్క ఎండిపోయి పొడి అయినా దాని బలం పోదు. అంటే ముట్టుకోకపోయినా, ఆ పొడి గాలిలో వచ్చి తగిలితే చాలు.

ఇప్పుడు మూడో ప్రశ్నకి జవాబు చెప్పుకోవచ్చు. "నలభై ఆరేళ్ళు ఏమీ కాలేదు, మరి ఇప్పుడెందుకు?" అనే ప్రశ్నే తలకిందులుగా ఉంది. నలభై ఆరేళ్ళు ఆ మొక్కల మధ్య తిరిగారు కాబట్టే ఇప్పుడు వచ్చింది! ఎంత ఎక్కువ తగిలితే, ఎంత ఎక్కువ కాలం తగిలితే, ఏదో ఒకరోజు వాచ్‌మన్ ఆ ఫొటో తీసే అవకాశం అంత పెరుగుతుంది. అందుకే ఇది చిన్నపిల్లల్లో అరుదు, పెద్దవాళ్ళలో ఎక్కువ. "ఇంతకాలం ఏం కాలేదుగా" అనేది ఇక్కడ ధైర్యం చెప్పే మాట కాదు.

ఒక్క మాట చెప్పాలి. ఆ రోజుల్లో వచ్చిన గోధుమలు దేశం ఆకలి తీర్చాయి, కాదనను. కానీ ఆ దారుల వెంట పాకిన మొక్కని ఒట్టి చేతులతో పీకింది ఎవరు? కలుపు కూలీలు, రైతులు, కాలువ పనులకి వెళ్ళినవాళ్ళు. గోధుమలు తిన్నది ఒకరు, గోక్కున్నది ఇంకొకరు. పైగా గోక్కున్నవాళ్ళకే "రక్తం చెడింది" అని పేరు పెట్టాం.

మందు ఒంటికేనా, ఊరికి కూడానా?

జబ్బు బయటి నుంచి వచ్చినప్పుడు వైద్యం కూడా కొంత బయటే జరగాలి. దీనికి మంచి ఉదాహరణ డెన్మార్క్. సిమెంటులో క్రోమియం అనే లోహపు లవణం కొద్దిగా ఉంటుంది. దానివల్ల మేస్త్రీలకి, కూలీలకి చేతుల మీద ఎగ్జిమా వచ్చేది. చాలామంది పని మానుకోవాల్సి వచ్చేది. 1981 నుంచి డెన్మార్క్‌లో సిమెంటులో ఫెర్రస్ సల్ఫేట్ కలపడం మొదలుపెట్టారు. అది ఆ క్రోమియాన్ని ఒంటికి అంతగా పట్టని రూపంలోకి మారుస్తుంది. కొత్త కేసులు బాగా తగ్గాయి. తర్వాత 1990లో, ఒంటికి తగిలే వస్తువుల నుంచి నికెల్ ఎంత బయటకి రావచ్చో హద్దు పెట్టారు. చెవి కమ్మలు, జీన్స్ బటన్లు, వాచీ బకిల్స్ అన్నమాట. తర్వాత యూరోపియన్ యూనియన్ కూడా ఆ దారిలోకి వచ్చింది. మేస్త్రీకి క్రీము ఇచ్చి ఊరుకోలేదు, సిమెంటునే మార్చారు. తేడా అది.

మన దగ్గర ఏమీ చెయ్యలేదా అంటే, చేశారు. కర్ణాటక ప్రభుత్వం 1975లోనే ఈ మొక్కని హానికరమైన కలుపుగా ప్రకటించింది. 1980ల మొదట్లో మెక్సికో నుంచి జైగోగ్రామా అనే చిన్న పెంకు పురుగుని బెంగళూరుకి తెచ్చి, పరీక్షలు చేసి, 1984లో వదిలారు. దాని తిండి వయ్యారిభామ ఆకులు. మధ్యలో ఒకసారి అది పొద్దుతిరుగుడు పంటని కూడా తింటోందని గొడవ అయింది, కమిటీ వేశారు, పంటకి ప్రమాదం లేదని తేల్చారు. వానాకాలంలో ఆ పురుగు ఇప్పటికీ తన పని తాను చేస్తోంది. జబల్పూర్‌లోని కలుపు పరిశోధన సంస్థ ప్రతి ఏడాదీ ఆగస్టులో పార్థీనియం అవగాహన వారం జరిపిస్తుంది. కానీ సిమెంటు ఫ్యాక్టరీకి ఆర్డర్ వేసినట్టు గాలికి, వానకి ఆర్డర్ వెయ్యలేం కదా. ప్రతి ఊరూ, ప్రతి ఖాళీ ప్లాటు ఓనరూ పూనుకుంటే తప్ప అయ్యే పని కాదు.

అందుకే కాలేజీలో, ఊళ్ళో శ్రమదానం అని ఈ మొక్కల్ని పీకడానికి వెళ్ళేవాళ్ళకి ఒక మాట. పూత రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు, వేళ్ళతో సహా పీకండి. చేతులకి గ్లౌజులు, ఫుల్ హ్యాండ్స్ చొక్కా, ముక్కుకి గుడ్డ తప్పనిసరి. ఇప్పటికే దీనివల్ల దురద ఉన్నవాళ్ళు ఆ పనికి వెళ్ళనే వద్దు. సెల్ఫీ కోసం కూడా వద్దు!

ఆ ట్యూబు సంగతి

ఇప్పుడు మెడికల్ షాపు ట్యూబు. 1952లో అమెరికా చర్మవైద్యులు సల్జ్‌బర్గర్, విట్టెన్ హైడ్రోకార్టిజోన్‌ని పైపూతగా వాడి ఎగ్జిమా మీద మంచి ఫలితం చూపించారు. నిజంగా అది పెద్ద మలుపు. అప్పటిదాకా తారు పూతలు, పట్టీలతో నెట్టుకొచ్చిన రోగులకి అది వరమే. స్టెరాయిడ్ అనగానే భయపడాల్సిన పని లేదు. డాక్టరు చెప్పిన బలం, చెప్పిన చోట, చెప్పినన్ని రోజులు వాడితే అది మంచి మందు.

సమస్య ఎక్కడంటే, మన దగ్గర బలమైన స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ కలిపిన ట్యూబులు చీటీ లేకుండా దొరికేవి. ఎగ్జిమా అయినా, తామర అయినా, గజ్జి అయినా అదే ట్యూబు. ఒకే సంచి, ఒకే ట్యూబు! ముఖం మీద నెలల తరబడి పూస్తే చర్మం పలచబడుతుంది, ఎర్రబడుతుంది, మొటిమలొస్తాయి. ఫంగస్ మీద స్టెరాయిడ్ పూస్తే పైకి తగ్గినట్టు కనిపిస్తూ లోపల పాకుతుంది. చర్మవైద్యులు ఏళ్ళ తరబడి మొత్తుకున్నాక, 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ క్రీముల్ని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని రూల్ తెచ్చింది. రూల్ ఉంది. కౌంటర్ దగ్గర "అన్నా, దురదకి ఏదైనా ఇవ్వు" అనే అలవాటు కూడా అలాగే ఉంది. ఆ అలవాటు మార్చుకోవాల్సింది మనమే.

మీకు గానీ, ఇంట్లో ఎవరికైనా గానీ పెద్దయ్యాక మొదటిసారి ఎగ్జిమా వస్తే, కారణం వయ్యారిభామే అయి ఉండాలని లేదు. జుట్టుకి వేసే రంగు, వాచీలోని నికెల్, రబ్బరు గ్లౌజులు, సిమెంటు, అంట్లు తోమే సబ్బు, ఏదైనా కావచ్చు. పుట్టుకతో వచ్చిన చర్మ స్వభావం వల్ల పెద్దయ్యాక మొదలయ్యేవాళ్ళూ ఉన్నారు. చర్మానికి గోడలా పనిచేసే ఫిలాగ్రిన్ అనే ప్రొటీన్ జన్యువులో లోపం ఉంటే ఎగ్జిమా వచ్చే అవకాశం ఎక్కువని 2006లో తేలింది. ఇంకో ముఖ్యమైన విషయం. పెద్ద వయసులో మొదటిసారి వచ్చి, ఎన్ని నెలలైనా తగ్గని మచ్చల్ని తేలిగ్గా తీసుకోవద్దు. అరుదుగా చర్మానికి వచ్చే ఒక రకం క్యాన్సర్ కూడా మొదట్లో ఎగ్జిమాలాగే కనిపిస్తుంది. అందుకే చర్మవైద్యుడికి చూపించాలి. ఆయన అవసరమైతే ముక్క తీసి పరీక్ష చేయిస్తారు.

డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఒక కాగితం మీద ఇవి రాసుకుని వెళ్ళండి. ఎప్పుడు మొదలైంది? ఏ కాలంలో ఎక్కువ? ఒంట్లో మొదట ఎక్కడ వచ్చింది? ఏ పని చేస్తారు? ఊరు మారితే తగ్గుతుందా? ఫోన్లో ఫొటోలు తీసి పెట్టుకోండి, తేదీలతో సహా. మనం స్టేటస్‌లకి ఎన్ని ఫొటోలు తియ్యట్లేదు!

మళ్ళీ మా ఇంటికి

మా పెద్దనాన్నని ఒక మెడికల్ కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడి డాక్టరమ్మ మొదట మందు రాయలేదు. "ఏం పని చేస్తారు? పొలానికి ఏ దారిన వెళ్తారు?" అని అడిగారు. దురద గురించి అడగాల్సిన ప్రశ్న ఇదా అనిపించింది నాకు. తర్వాత వీపు మీద వరసగా చిన్న చిన్న పట్టీలు అంటించారు. రెండు రోజులు స్నానం లేదు. తీసి చూస్తే ఒక్క గడిలో ఎర్రగా ఉబ్బి ఉంది. నాలుగో రోజు ఇంకా పెద్దదైంది. యాడస్సోన్ 1895లో చూసింది, మేం మా పెద్దనాన్న వీపు మీద చూశాం. ఆ గడి పార్థీనియంది.

పశువుల కొట్టం చుట్టూ, బావి దారి పొడుగునా ఆ మొక్కలే. అవన్నీ మేం పిల్లలం పీకేశాం, ఆయన్ని అటు రానివ్వకుండా. పొలం నుంచి రాగానే స్నానం, ఆ బట్టలు వేరే బక్కెట్లో. చేమంతిది కూడా అదే కుటుంబం, పడకపోవచ్చు అని డాక్టరమ్మ చెబితే, పెద్దమ్మ పూజకి చేమంతులు మానేసి మందారాలు పెట్టింది. మాత్రలు, పైపూత మందు డాక్టరు చెప్పినట్టు వాడారు, మధ్య మధ్యలో రక్త పరీక్షలు. పూర్తిగా పోయిందా? పోలేదు. ఎండాకాలం, వానాకాలం ఇంకా కొంచెం వస్తుంది. కానీ రాత్రి నిద్రపోతున్నారు. వంకాయ కూర మళ్ళీ మొదలైంది.

ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు డాక్టరమ్మ చెప్పిన ఒక మాట ఇంట్లో అందరి ముందూ చెప్పాను: "ఇది అంటుకోదు." పెద్దనాన్న ఏమీ మాట్లాడలేదు. సాయంత్రం పెద్దమ్మ ఆయన గ్లాసుని తీసి అందరి గ్లాసులతో కలిపి కడిగింది. మా అక్క కూతురు వచ్చి ఒళ్ళో కూర్చుంటే ఈసారి వద్దు అనలేదు.

అంటుకోదు. 1813 నాటి పుస్తకంలో ఉన్న మాట అది. మా ఇంటికి చేరడానికి ఇంతకాలం పట్టింది. మీ ఇంట్లో, మీ వీధిలో ఇలా గ్లాసు వేరు పెట్టుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే, ఈ మాట వాళ్ళకి ఈరోజే చెప్పండి. మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను, నమస్తే.